కౌగిలి: చేష్ట పేరా, చోటు పేరా?

తెలుగు నిఘంటువులు కౌగిలికి అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు చాలావరకు ఆలింగనం అన్న ఒక్క మాటతో సరిపెడతాయి. ఆలింగనానికి అర్థం చెప్పవలసి వస్తే తిరిగి కౌగిలి దగ్గరికే వస్తాయి. రోజువారీ అవసరానికి ఆ మాత్రం చాలు. అయితే ఈ రెండు పదాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వాక్యంలో అవి ఎలా నడుస్తాయో గమనిస్తే, రెండింటి వెనుక ఉన్న ఊహలు వేరని తెలుస్తుంది. ఆలింగనం ఒక పనికి పేరు. కౌగిలి మొదట పని పేరు కాదని, చేతులు ముడుచుకున్నప్పుడు వాటికీ రొమ్ముకూ నడుమ ఏర్పడే చోటుకు పేరని నా అభిప్రాయం. ఆ పదానికి విభక్తులు చేరే తీరు, దాని నుంచి పుట్టిన ఇతర పదాలు, పొరుగు భాషల్లోని దాని బంధువులు, కవుల ప్రయోగాలు అన్నీ దాదాపు ఆ వైపే చూపిస్తున్నాయి.

ముందుగా విభక్తుల సంగతి చూద్దాం. కౌగిలికి లో, కి వంటి ప్రత్యయాలు చేరేటప్పుడు చివరి లి పోయి టి వస్తుంది: కౌగిటిలో, కౌగిటికి. సప్తమి అర్థంలో కౌగిట అన్న రూపం ఏర్పడుతుంది. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో ఈ మార్పును ఔపవిభక్తికం అన్నాడు. ఇ, టి, తి అనే వర్ణాలు ఇలా పదం చివర చేరి విభక్తికి దారి ఇస్తాయని సూత్రీకరించాడు. ఇల్లు ఇంట అయినట్లు, నోరు నోట అయినట్లు, వాకిలి వాకిట, ముంగిలి ముంగిట, లోగిలి లోగిట అయినట్లు కౌగిలి కౌగిట అవుతుంది. వాడుక భాషలోనూ ఇదే వరుస నిలిచి ఉంది: ఇంట్లో, నోట్లో, వాకిట్లో, కౌగిట్లో. ఇవన్నీ మనిషి ప్రవేశించగలిగినవో, ఏదైనా ఉంచగలిగినవో అయిన చోట్లు.

ఈ వరుసను చూసి తొందరపడకూడదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాగలి, రోకలి వంటి పనిముట్లు కూడా ఇదే తరగతిలో ఉన్నాయి. నాగటి చాలు, రోకటి పాట అంటున్నాం కదా. కాబట్టి టకారం వచ్చినంత మాత్రాన ఆ పదం చోటును చెబుతుందని అనలేం. కాని ఈ తరగతిలోనే మరొక చిన్న గుంపు ఉంది, నా దృష్టిలో అసలు సాక్ష్యం అదే. గుప్పిలి, పిడికిలి, దోసిలి అనే మూడు పదాలను కౌగిలి పక్కన నిలబెట్టి చూడండి. గుప్పిట, పిడికిట, దోసిట, కౌగిట. ఈ నాలుగూ శరీరంలో ఎప్పుడూ ఉండే అవయవాల పేర్లు కావు. చేయి ముడిస్తే పిడికిలి ఉంటుంది, తెరిస్తే ఉండదు. రెండు అరచేతులు కలిపి పైకి వంచితే దోసిలి ఏర్పడుతుంది, విడదీస్తే మాయమవుతుంది. ఏర్పడినంత సేపూ మాత్రం అవి పాత్రల వంటివే: గుప్పిట్లో గింజలు పడతాయి, దోసిట నీళ్లు నిలుస్తాయి. కౌగిలి కూడా అలాంటిదే. రెండు చేతులూ దగ్గరికి వచ్చి రొమ్ము ముందు మూసుకున్నప్పుడు ఏర్పడే పెద్ద దోసిలి అది. అందులో పట్టేది మనిషి. నాలుగు పదాలకూ చివర ఇలి ఉండడం, నాలుగూ ఒకే విధంగా విభక్తిని తీసుకోవడం, నాలుగూ చేతులతో కట్టిన ఖాళీ స్థలాలను చెప్పడం కాకతాళీయమని నేను అనుకోలేను. మొదటి మూడింటికీ గుప్పెడు, పిడికెడు, దోసెడు అని కొలత పదాలు కూడా ఉన్నాయి. కౌగిలికి అటువంటి కొలత వాడుకలో వినం. దానిలో పట్టేదాన్ని కొలవవలసిన అవసరం రాలేదు.

పదాల పుట్టుక క్రమం ఈ మాటకు మరింత బలం ఇస్తుంది. పిడికిలి నుంచి పిడికిలించు అనే క్రియ వచ్చినట్లు, కౌగిలి నుంచి కౌగిలించు వచ్చింది. అంటే కౌగిలిలోకి తీసుకోవడం. ఆ క్రియ నుంచి మళ్లీ కౌగిలింత అనే నామవాచకం వచ్చింది. పలకరించు నుంచి పలకరింత, పులకరించు నుంచి పులకరింత వచ్చిన పద్ధతే ఇది. కౌగిలి అన్న పదమే మొదటి నుంచీ పనిని చెప్పి ఉంటే, అదే పనిని చెప్పడానికి క్రియ మీదుగా తిరిగి వచ్చి కౌగిలింత అనే మరో పదాన్ని తయారు చేసుకోవలసిన అవసరం భాషకు అంతగా ఉండేది కాదు. ఇవాళ రెండూ ఒకే అర్థంలో కలిసిపోయినట్లు కనిపిస్తాయి, నిజమే. కాని వాక్యంలో పెట్టి చూస్తే తేడా ఇంకా మిగిలే ఉంది. బిడ్డను కౌగిట చేర్చుకుంది అంటాం. కౌగిలింతన చేర్చుకుంది అనం. కౌగిట ఒదిగింది, కౌగిట బంధించాడు, కౌగిలి విడిపించుకుంది, కౌగిలి సడలింది అని చెప్పే ప్రతిచోటా కౌగిలికి లోపలా బయటా ఉన్నాయి, బిగువూ వదులూ ఉన్నాయి. ముద్దుతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ముద్దు నిజంగా పని పేరు. అందుకే ముద్దు పెట్టడం, ముద్దాడడం ఉన్నాయి కాని, ముద్దులో ఒదగడం లేదు.

పదం పాత రూపం కౌఁగిలి. కవుఁగిలి అని కూడా కనిపిస్తుంది. ఇప్పటి ముద్రణలో వదిలేస్తున్న ఆ అరసున్న నిజానికి చరిత్రను దాచుకున్న గుర్తు. తెలుగులో దీర్ఘం తరువాత వచ్చిన అనునాసికం బలహీనపడి అరసున్నగా మిగిలి, ఆ తరువాత ఉచ్చారణలో పూర్తిగా పోయింది. మూఁడుకు తమిళంలో మూన్ఱు ఉంది, తూఁగుకు తూంగు ఉంది, దాఁటుకు తాండు ఉంది. ఈ లెక్కన కౌఁగిలిలో కూడా ఒకప్పుడు గకారానికి ముందు నిండు అనునాసికం పలికి ఉండాలి. సరిగ్గా అటువంటి రూపం కన్నడంలో దొరుకుతుంది. అక్కడ కంకుళు అంటే చంక. దాని పాత రూపం కవుంకుళ్. కవు అనే మొదటి భాగం, దాని వెంట అనునాసికం, ఆపైన కవర్గాక్షరం, చివర లళలలో ఒకటి: ఎముకల గూడు ఒక్కటే. అర్థం చూస్తే చేయి మొండేన్ని కలిసే లోపలి గుంట. చంక నుంచి రొమ్ము వరకు, అక్కడి నుంచి చేతులు చుట్టిన మేర వరకు అర్థం వ్యాపించడం వింతేమీ కాదు. పిల్లను చంకన వేసుకోవడం, ఒడిలో కూర్చోబెట్టుకోవడం, రొమ్ముకు అదుముకోవడం అన్నవి శరీరం మీద పక్కపక్కనే ఉన్న పనులు.

ఈ పోలికకు ఒక చిక్కు ఉంది. కన్నడ రూపం చివర ఉన్నది మామూలు ళకారం కాదు, ద్రావిడ భాషల్లో పాతకాలం నుంచి ఉన్న మరొక ధ్వని. అది తెలుగులో చాలా చోట్ల డకారంగా మారుతుంది. కౌగిలిలో మాత్రం లకారమే ఉంది. ఈ కారణంగా కొందరికి వాకిలి, లోగిలి, ముంగిలి అనే పదాల వైపు చూడాలనిపించవచ్చు. ఆ మూడింటి చివర ఉన్నది ఇల్లు. వాయి అంటే నోరు కనుక ఇంటి నోరు వాకిలి అయింది. తమిళంలో వాయిల్ అంటారు. ఇంటి ముందరి చోటు ముంగిలి, తమిళంలో మున్ఱిల్. ఆ దారిలోనే కౌగిలిని కూడా చేతుల ఇల్లు అని విడదీయడం వినసొంపుగా ఉంటుంది. వినసొంపు వ్యుత్పత్తికి ఆధారం కాదు కనుక నేను అంత దూరం వెళ్లను. రోకలి చివరి లి ఇల్లు కాదు, పిడికిలి చివరిదీ ఇల్లు కాదు. అయినా ఏ దారిన వెళ్లినా ఒక విషయం మారడం లేదు: చంక గుంట అన్నా, ఇల్లు అన్నా, రెండూ చోట్లే.

తమిళంలో మరొక దగ్గరి మాట ఉంది. కవవు అంటే కౌగిలించుకోవడం. ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియం, అర్థం వివరించవలసిన పదాలను ఒకచోట చేర్చి చెబుతూ, ఈ మాటకు ఇచ్చిన వివరణ రెండే పదాలు: కవవు అంటే లోపల పెట్టుకోవడం. అకం అన్న తమిళ పదాన్నే అక్కడ వాడారు, లోపలిది అనే అర్థంలో. చుట్టడం, అంటుకోవడం, నొక్కడం అనే వివరణలు ఎన్ని ఉన్నా వాటిని వదిలి, లోపల ఉంచుకోవడమే ఆ చర్య సారమని ఒక వ్యాకర్త అన్ని శతాబ్దాల క్రితం నిర్ణయించడం నాకు ఎంతో విలువైన సాక్ష్యంగా కనిపిస్తుంది.

ఇక సంస్కృతం వైపు వస్తే దృశ్యం మారుతుంది. అమరకోశం ఈ పనికి నాలుగు పేర్లను ఒకే పంక్తిలో కూర్చింది: పరిరంభం, పరిష్వంగం, సంశ్లేషం, ఉపగూహనం. నాలుగూ ధాతువుల నుంచి వచ్చిన పని పేర్లు. పరిరంభంలో ఉన్నది రభ్ ధాతువు, పట్టుకోవడం. ఆరంభం, సంరంభం కూడా దాని సంతానమే. ముందున్న పరి అనే ఉపసర్గ చుట్టూ అన్న అర్థాన్ని తెస్తుంది. పరిష్వంగంలోని స్వంజ్ ధాతువుకు హత్తుకోవడమే అర్థం. సంశ్లేషంలో ఉన్న శ్లిష్ ధాతువు అంటుకోవడాన్ని చెబుతుంది, దాని కుటుంబం చాలా పెద్దది. ఒక మాటలో రెండు అర్థాలు అంటుకుని ఉంటే అది శ్లేష. జిగటగా అంటుకునేది శ్లేష్మం. సర్పాలు అధిదేవతలుగా ఉన్న తొమ్మిదో నక్షత్రం ఆశ్లేష, పెనవేసుకునేది. అంటుకున్న వాటిని విడదీస్తే విశ్లేషణ. ఇటువంటి వ్యాసాలకు మనం పెట్టుకున్న పేరులోనే కౌగిలిని విప్పడం ఉంది. నాలుగో మాట ఉపగూహనం. దానిలోని గుహ్ ధాతువుకు దాచడం అని అర్థం. గుహ, గూఢం, గుహ్యం అక్కడివే. దగ్గరగా తీసుకుని దాచుకోవడం అన్న ఈ ఊహ తమిళ కవవుకూ మన కౌగిలికీ చాలా సమీపంలో ఉంది. చోటును ఆధారం చేసుకున్న మాట సంస్కృతంలో అసలే లేదని కూడా అనకూడదు. ఒడి అనే అర్థం గల అంకం నుంచి వచ్చిన అంకపాళికి కౌగిలి అనే అర్థం. అయితే అక్కడ అది పక్కదారి, ఇక్కడ అదే రాజమార్గం.

ఆలింగనం గురించి ఒక అపోహ తరచుగా వినిపిస్తుంది. అందులో లింగం అన్న శబ్దం ఉంది కనుక దానికి శివలింగంతోనో, స్త్రీపురుష భేదంతోనో సంబంధం ఉండాలని అనుకుంటారు. మార్కండేయుడు యముడికి భయపడి శివలింగాన్ని కౌగిలించుకున్న కథ, కంచిలో దేవి ప్రవాహం నుంచి కాపాడడానికి ఇసుక లింగాన్ని కౌగిలించుకున్న స్థలపురాణం ఈ రెండు శబ్దాలనూ మన మనసులో పక్కపక్కన నిలబెట్టాయి. నిజానికి లింగ్ అనే ధాతువును పాణినీయ ధాతుపాఠం గతి అర్థం గల ధాతువుల పట్టికలో చేర్చింది. ఆ అనే ఉపసర్గ ముందు చేరినప్పుడే దానికి కౌగిలించుకోవడం అనే అర్థం వస్తుంది. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరో చోటికి లాక్కుపోతుందని చెబుతూ వైయాకరణులు ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అనే ఐదు మాటలను ఉదాహరించే శ్లోకం ప్రసిద్ధమే. ఆలింగనమూ ఆ కోవలోనిదే. గుర్తు అనే అర్థంలోని లింగానికి దీనితో శబ్ద బంధుత్వం ఉండవచ్చు గాని అర్థ బంధుత్వాన్ని వెతకనక్కరలేదు. ఈ మాట ఎంత నిరాడంబరమైన శరీర చర్యను చెబుతుందో సంగీత పరిభాష చూపిస్తుంది: అమరకోశం చెప్పిన మూడు రకాల మృదంగాల్లో ఒడిలో పెట్టుకునేది అంక్యం, నిలువుగా నిలిపేది ఊర్ధ్వకం, ఒంటికి అదుముకుని వాయించేది ఆలింగ్యం.

సంస్కృత పదం పనిని, తెలుగు పదం చోటును చెబుతాయన్న తేడా కవుల చేతుల్లో ఎలా ఉంటుందో చూడడానికి పోతన కుచేలోపాఖ్యానం చక్కని ఉదాహరణ. చిరిగిన ఉత్తరీయంతో వస్తున్న బాల్యమిత్రుణ్ని అల్లంత దూరాన చూసి కృష్ణుడు తొట్రుపాటుతో పాన్పు దిగి, ఎదురు వెళ్లి, “పరిరంభణ మాచరించి” బంధుస్నేహంతో తోడ్కొని వచ్చి తన పాన్పు మీద కూర్చోబెట్టాడు. పరిరంభణం ఆచరించేది. పూజ ఆచరించినట్లు, అతిథి మర్యాద ఆచరించినట్లు. పేద బ్రాహ్మణుడికి రాజు చేసే గౌరవం కూడా ఆ ఒక్క క్రియలో చేరింది. అదే చోట కౌగిట చేర్చి అని ఉంటే చనువు హెచ్చేది, మర్యాద కొంత తగ్గేది. పోతన ఎంపిక సందర్భానికి సరిగ్గా అమరింది.

వాల్మీకి రామాయణం యుద్ధకాండ ఆరంభంలో ఇంకొక ప్రసిద్ధ ఘట్టం ఉంది. సీత జాడ తెచ్చిన హనుమంతుడికి తగిన బహుమానం ఇవ్వగల స్థితిలో తాను లేనని బాధపడుతూ, ఈ సమయంలో నాకు ఉన్న సర్వస్వమూ అయిన ఈ పరిష్వంగాన్నే అతనికి ఇస్తున్నానని రాముడు అంటాడు. అక్కడ వాడిన క్రియాపదం “దత్తః”, ఇవ్వబడింది అని. కౌగిలి ఇవ్వడం అనే వాడుక ఇంగ్లీషు ప్రభావం వల్ల వచ్చిందని విమర్శించేవారికి ఈ ప్రయోగం జవాబు. తెలుగు శృంగార పదాల్లోనూ నాయకుడు కౌగిలి ఇమ్మని అడగడం మామూలే. చోటు ఇవ్వడం కూడా ఇవ్వడమే కదా.

కౌగిలి అనగానే శృంగారమే గుర్తుకు రావడానికి ఆ సాహిత్యమూ, దాని వెంట వచ్చిన సినిమా పాటలూ చాలావరకు కారణం. వాత్స్యాయనుడి కామసూత్రం ఆలింగనాలను పేరుపేరునా వర్గీకరించింది. లత చెట్టును చుట్టుకున్నట్లు లతావేష్టితకం, చెట్టు ఎక్కినట్లు వృక్షాధిరూఢకం, నువ్వులూ బియ్యమూ కలిసినట్లు తిలతండులకం, పాలూ నీళ్లూ కలిసినట్లు క్షీరనీరకం. చివరి రెండు పేర్లు అక్కడ ఆగిపోలేదు. ఒకే పద్యంలో రెండు అలంకారాలు విడివిడిగా గుర్తించగలిగేలా ఉంటే అది తిలతండుల న్యాయమని, దాన్ని సంసృష్టి అని, విడదీయలేనంతగా కలిసిపోతే అది క్షీరనీర న్యాయమని, దాన్ని సంకరం అని ఆలంకారికులు అన్నారు. కౌగిళ్లను వర్ణించిన పోలికలే పద్యంలోని అలంకారాల కలయికనూ వర్ణించాయి.

శృంగారంతో ఏ సంబంధమూ లేని కౌగిలి తెలుగు నుడికారంలో స్థిరంగా ఉంది. అది ధృతరాష్ట్ర కౌగిలి. భారతం స్త్రీపర్వంలో, నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడు భీముణ్ని దగ్గరికి పిలుస్తాడు. ఆయన మనసు ముందే పసిగట్టిన కృష్ణుడు భీముణ్ని పక్కకు నెట్టి, ఇనుప భీముణ్ని ఎదుట నిలుపుతాడు. పదివేల ఏనుగుల బలం గల ఆ గుడ్డి రాజు దాన్ని కౌగిట నలిపి ముక్కలు చేస్తాడు. ఆ ఊపుకు తన రొమ్మే నలిగి నోట నెత్తురు కక్కుతాడు. కోపం దిగాక, భీముణ్ని చంపానని ఏడుస్తాడు కూడా. పైకి స్నేహం, లోపల పగ ఉన్న పొత్తులను వర్ణించడానికి ఈ నుడికారాన్ని ఇవాళ పత్రికలు విరివిగా వాడుతున్నాయి, అయితే కథలోని సగాన్ని మరిచిపోతున్నాయి: ఆ కౌగిలి కౌగిలించినవాణ్నీ గాయపరిచింది. మృత్యు కౌగిలి అన్న మాటలోనూ పదం పాత స్వభావమే పనిచేస్తోంది. మృత్యు కౌగిలిలోకి వెళ్లాడు అంటాం, అది ఒక చోటు అయినట్లే. మృత్యు ఆలింగనంలోకి అంటే మాట కృత్రిమంగా తోస్తుంది.

శృంగారపు రంగు గాఢంగా అంటడం వల్ల వచ్చిన నష్టం ఒకటి ఉంది. తల్లీబిడ్డల మధ్య, స్నేహితుల మధ్య, అన్నదమ్ముల మధ్య జరిగేదాన్ని చెప్పడానికి రచయితలు కౌగిలి అన్న మాట రాయడానికి వెనుకాడుతున్నారు. నా ఉద్దేశంలో ఆ సంకోచం అనవసరం. అయినా సంకోచించేవారికి తెలుగులో మాటలకు కరువు లేదు, పైగా ప్రతి మాటకూ తన పని తనకుంది. అక్కు అంటే రొమ్ము కనుక అక్కున చేర్చుకోవడంలో ఆదరణ, ఆశ్రయం ఉన్నాయి. దిక్కులేనివారి విషయంలో దానికి మించిన మాట లేదు. పొదువుకోవడంలో కాపాడడం ఉంది. హత్తుకోవడంలో దగ్గరితనం ఉంది కాని చేతులు చుట్టాలన్న నియమం లేదు. ఉత్తరాన్నైనా గుండెలకు హత్తుకోవచ్చు. కావలించుకోవడం నోటి మాటలో కౌగిలించుకోవడానికి బదులుగా నడుస్తుంది, శృంగారపు రంగు దానికి తక్కువ. వాటేసుకోవడంలో చొరవా చిలిపితనమూ ఉన్నాయి కనుక గంభీరమైన సందర్భంలో అది పొసగదు. ఆలింగనం చేసుకోవడం ఇప్పుడు ఎక్కువగా వార్తల భాషలో, ఇద్దరు నాయకులు కలుసుకున్నప్పుడు కనిపిస్తోంది.

ఇప్పటి సంభాషణలో వీటన్నిటినీ పక్కకు నెడుతూ హగ్ వచ్చి చేరింది. దాన్ని తప్పుపట్టడం నా పని కాదు, కాని అది ఏ మాట స్థానంలోకి వచ్చిందో గమనించదగినది. హగ్ చేసుకున్నారు అంటున్నాం, ఒక హగ్ ఇవ్వు అంటున్నాం. ఆమె అతని హగ్‌లో ఒదిగింది అని మాత్రం ఎవరూ అనడం లేదు. అంటే అది పని పేరుగానే తెలుగులోకి వచ్చింది, ఆలింగనం నోటి మాటగా ఎన్నడూ నింపలేని ఖాళీని నింపింది. కౌగిట్లో అని చెప్పవలసిన చోట ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారు కూడా ఇప్పటికీ కౌగిట్లో అనే అంటున్నారు.